తాగని రోజులు

మేడ మీది గది,
జూన్ 6

బుల్లీ,

నీ ఉత్తరంలో రెండో వాక్యం తప్పు. "తాతగారు ఒక్కరోజులో మందు మానేసినట్టే ఈయనా మానేస్తారు" అని రాశావు. మీ తాతగారు ఒక్కరోజులో మానలేదు. ఎనిమిదిసార్లు మానారు. మీ అమ్మ నీకు చెప్పింది ఎనిమిదోసారి సంగతి. మొదటి ఏడూ నాకు తప్ప ఎవరికీ తెలియవు కనక చరిత్రకెక్కలేదు.

మిగతా ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగు పేజీలు రాశావు. మీ ఆయన ఎంత పేరున్న పశువుల డాక్టరో ఒక పేజీ. ఎవరి ఆవుకో కాన్పు అడ్డం తిరిగితే వానలో తడుస్తూ వెళ్ళి, మోచేతిదాకా చెయ్యి పెట్టి దూడని ప్రాణాలతో బయటికి తీసిన వైనం ఇంకో పేజీ. మీ ల్యాబ్‌లో పళ్ళసెట్లకి కొత్తరకం మైనం వచ్చిందని ముప్పావు పేజీ. చివర ఒక మూలన, "మొన్న స్నేహితుల ముందు కాస్త మాట తూలారు, తాగి ఉన్నారులే" అని ఒక్క వాక్యం. దాని అక్షరాలు మిగతావాటిలో సగం ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. లెక్క తప్పిన చోట పిల్లలు అక్షరాలు చిన్నవి చేస్తారని నాకు తెలుసు.

మాట తూలడమంటే ఏమిటి? ఏ మాట? ఎవరెవరు ఉన్నారు? నువ్వేమన్నావు? నా క్లాసులో ప్రయోగాల పుస్తకంలో ఎడమ పేజీ పరిశీలనకి, కుడి పేజీ అభిప్రాయానికి. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది ఎడమవైపు. దాని గురించి మనం అనుకునేది కుడివైపు. నీ ఉత్తరమంతా కుడి పేజీయే. నాకు ఎడమ పేజీ పంపు.

ఫోను చేయకు. చెవికి మిషను పెట్టుకున్నా ఫోనులో నువ్వు ఏడ్చినా నవ్వినా నాకు ఒకటే గరగర. కాగితం నయం.

మీ అమ్మమ్మ


వంటింటి బల్ల దగ్గర,
జూన్ 19

అమ్మమ్మా,

నువ్వు రిటైరై ఇరవై ఏళ్ళయింది, మార్కులు వేయడం మాత్రం మానలేదు. ఒక్క వాక్యం పట్టుకుని ఇంత రాద్ధాంతం చేస్తావని తెలిస్తే అది కూడా రాసేదాన్ని కాదు. సరే, అడిగావు కనక ఎడమ పేజీ.

మే 31, ఆదివారం మధ్యాహ్నం. ఆయన స్నేహితులు ముగ్గురు, వాళ్ళ భార్యలు భోజనానికి వచ్చారు. ఆ ముందు రోజే మా ల్యాబ్ మేడం నన్ను పిలిచి ఒక మాట చెప్పింది. రైల్లో నాలుగు గంటల దూరంలో ఇంకో ల్యాబ్ తెరుస్తోంది. ఎనిమిదిమంది పనివాళ్ళు. దాన్ని నన్ను చూసుకోమంది. సెప్టెంబరు ఆఖరులోగా ఏ సంగతీ చెప్పమంది. తొమ్మిదేళ్ళుగా జనాల నోటి అచ్చుల ముందు వంచిన మెడ ఆ రోజు ఎత్తాను అమ్మమ్మా. ఇంటికి నడిచి వచ్చాను, రిక్షా ఎక్కబుద్ధి కాలేదు.

ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పారు, గ్లాసు పైకెత్తి. "మా ఆవిడ ఊరందరికీ పళ్ళు కడుతుంది. తనకి కోరలు ఇప్పుడే మొలుస్తున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు. "ఎనిమిదిమందిని చూసుకుంటుందట. ఇంట్లో ఒక్కణ్ణి చూసుకోలేకపోయింది" అన్నారు. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. అది ఎడమ పేజీలోకి వస్తుందో కుడి పేజీలోకి వస్తుందో నువ్వే చెప్పు.

మర్నాడు అడిగితే తను అలా అననేలేదన్నారు. "నీకలా వినిపించిందా? ఈమధ్య మరీ అలిసిపోతున్నావు" అన్నారు, ఎంతో మెత్తగా. మైనం కాలిన నా వేలికి తనే మందు రాసి కట్టు కట్టారు. కుక్కపిల్ల కాలికి కట్టినంత జాగ్రత్తగా. అందుకే చెబుతున్నాను, ఆ మాటలన్నది ఆయన కాదు, మందు. మందు దిగిపోతే ఆయన వేరే మనిషి.

నీ బుల్లి


మేడ మీది గది,
జులై 1

బుల్లీ,

మందుకి నోరు లేదు. దాని అణువు బొమ్మ గీసి ముప్పై నాలుగు బ్యాచులకి చూపించాను. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అందులో ఎక్కడా భార్య ఉద్యోగం మీద వెటకారం లేదు.

నీ నవ్వు ఎడమ పేజీయే. రాసిపెట్టుకో.

ఇక పని సంగతి. సీసాలో నీళ్ళు ఎర్రబడ్డాయనుకో. అందులో రెండు పదార్థాలున్నాయి. ఎర్రబరిచింది ఏదో తెలియాలంటే ఒకటి తీసేసి రెండోదాన్ని ఒంటరిగా చూడాలి. అందరూ చేసే తప్పు ఏమిటంటే నీళ్ళు ఎర్రగా ఉన్న రోజే రాసుకుంటారు. నువ్వు ఒక నోట్‌బుక్కు కొను. తాగిన రోజు సంగతులు తాగిన రోజువిగా, తాగని రోజువి తాగని రోజువిగా రాయి. మే 31 భోజనంతో మొదలుపెట్టు. తాగని రోజులు అసలు వదలకు. అవే ముఖ్యం. ఎందుకని అడగకు, టీచరు చెప్పినప్పుడు కొన్ని ఊరికే రాసుకోవాలి.

ఈ ఉత్తరం మొదలు అన్నీ మీ ల్యాబ్‌కే రాస్తున్నాను. నీ పోయిన ఉత్తరం నాకు చేరేసరికి కవరు అంచు రెండుసార్లు అంటించి ఉంది, మధ్యలో ఎవరో విప్పి చదివినట్టు. నువ్వు గోధుమరంగు జిగురు వాడవు.

మీ అమ్మమ్మ


ల్యాబ్, భోజనం వేళ,
జులై 25

అమ్మమ్మా,

మానేశారు. నువ్వు నమ్మవని తెలుసు, అందుకే తేదీతో సహా రాస్తున్నాను. జులై 5 నుంచి చుక్క ముట్టలేదు. ఇవాళ ఇరవై ఒకటో రోజు. తాగుడు మాన్పించే ఒక కేంద్రానికి వెళ్ళారు, వాళ్ళు మాత్రలూ కాగితాలూ ఇచ్చారు. చేతులు వణకడం తగ్గింది. మొహం తేటపడింది. పొద్దున్నే నడుస్తున్నారు. ఊళ్ళో అందరికీ ఆయనే చెప్పారు, పాలవాడికి కూడా. నా కోసం మానేశానని చెప్పారు. వీధిలో ఎవరు ఎదురైనా నా చెయ్యి పట్టుకుని, నువ్వు అదృష్టవంతురాలివి తల్లీ అంటున్నారు.

నువ్వు రాయమన్నావు కనక ఒక చిన్న సంగతి. రోజూ సాయంత్రం నేను "ఇవాళ ఎన్నో రోజు?" అని అడగాలి. ఆయన చెబుతారు. అప్పుడు నేను సంతోషించాలి. పన్నెండో రోజు ల్యాబ్‌లో అర్జంటు పని పడింది. ఒక పెద్దాయనకి మర్నాడు ఏదో సభలో మాట్లాడాలట, నోట్లో ఒక్క పన్ను లేదు. ఇంటికొచ్చేసరికి అడగడం మరిచిపోయాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ మా పెంపుడు కుక్కతో మాట్లాడారు. "చూశావా, కొంతమందికి మనం బతికామా చచ్చామా అని కూడా పట్టదు" అని నాకు వినపడేలా దానితో అన్నారు. అలవాటు మానేటప్పుడు చిరాకు సహజమని కేంద్రంవాళ్ళ కాగితంలో ఉంది. నెలా రెండు నెలల్లో పోతుందట.

ల్యాబ్ మేడంకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇలాంటి సమయంలో ఊరు మారతానంటే ఎలా?

నువ్వు కాస్త సంతోషించు అమ్మమ్మా.

నీ బుల్లి


మేడ మీది గది,
ఆగస్టు 12

బుల్లీ,

సంతోషించాను. ఎంత సంతోషించానో చెప్పడానికే ఆలస్యమైనా ఈ ఉత్తరం.

మీ ఆయన దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. రెండు కాగితాలు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఎక్కడా సాకులు చెప్పలేదు. "అమ్మమ్మగారూ, నన్ను మందలించేవాళ్ళు లేక ఇలా తయారయ్యాను. చిన్నప్పుడు మీలాంటి టీచరు ఒక్కరు దొరికి ఉంటే మనిషినయ్యేవాణ్ణి. ఇప్పటికైనా నా తప్పులు నాకు చూపించండి" అని రాశాడు. ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చిందని నీకు చెప్పడానికి సిగ్గుపడటం లేదు. ఇన్నేళ్ళలో తప్పులు చూపించమని అడిగిన విద్యార్థులు నాకు ఇద్దరో ముగ్గురో దొరికారు.

వెంటనే జవాబు రాశాను. దిద్దిన పేపరు చూపించకుండా పిల్లవాణ్ణి బాగుచేసిన టీచరు లేదు. అందుకని నీ నోట్‌బుక్కు సంగతి చెప్పాను. అది నింద వేయడానికి కాదు, చూసుకోవడానికని వివరించాను. ఒక ఆదివారం తీరిగ్గా ఇద్దరూ కూర్చుని కలిసి చదువుకోండి. తన మాటలు తన కళ్ళతో చూసుకుంటే మనిషి ఆగుతాడు.

నేను అతణ్ణి తక్కువ అంచనా వేశానేమో. వేసి ఉంటే ఒప్పుకుంటాను.

మీ అమ్మమ్మ


ల్యాబ్, పాలిష్ గది,
ఆగస్టు 31

అమ్మమ్మగారికి,

మీరు చెప్పినట్టే జరిగింది.

ఆగస్టు 23, ఆదివారం. ఉదయం ఎనిమిది. ఆయన మానేసి యాభయ్యో రోజు. కాఫీ తాగారు. కళ్ళజోడు పెట్టుకుని, మీ ఉత్తరం పక్కన పెట్టుకుని, పుస్తకం ఇమ్మన్నారు. ఇచ్చాను. మీరు చెప్పారు కదా. కుక్కల టీకా కార్డుల మీద సంతకం పెట్టే ఎర్ర కలం తీశారు. గంటన్నర దిద్దారు. మధ్యలో కూనిరాగం తీశారు. నన్ను ఎదురుగా నిలబడమన్నారు, పరీక్ష హాల్లో అలాగే ఉంటుందట.

మే 31 పక్కన: "సందర్భం వదిలేశారు. సున్నా." మూడు రోజులు మాట్లాడలేదు అన్న చోట: "రెండున్నర రోజులు. అతిశయోక్తి." నేను స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చానని ఒక రోజు రాసుకున్నాను. దాని పక్కన: "సాక్షి ఎవరు?" చివరి పేజీలో: "నూటికి పదకొండు. అది కూడా చేతిరాతకి." కింద సంతకం. సంతకం కింద ఆసుపత్రి రబ్బరు ముద్ర. తరవాత పుస్తకం నా వైపు తిప్పి, ప్రోగ్రెస్ కార్డు మీద తల్లిదండ్రులు పెట్టినట్టు చదివానని సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

పుస్తకం నాకు తిరిగి ఇస్తూ ఒక మాట అన్నారు. "ఇన్నాళ్ళూ తాగి నీ బతుకు పాడుచేశాననుకున్నాను. తేరుకుని చూస్తే ఇప్పుడు తెలుస్తోంది, నీతో కాపురం మందు లేకుండా ఎవడైనా ఎలా చేస్తాడు?"

గొంతు పెంచలేదు. నవ్వుతూ అన్నారు.

ఇంకొకటి. అంతకుముందే, మంగళవారంనాడు, ఆయన మా ల్యాబ్‌కి వచ్చి మేడంతో విడిగా మాట్లాడారట. నాకు నరాల బలహీనతట, మతిమరుపట, బయటికి చెప్పుకోలేక బాధపడుతున్నారట, పనిలో పొరపాట్లు వస్తే పెద్దమనసుతో సర్దుకోమన్నారట. మేడంకి కళ్ళు చెమ్మగిల్లాయట, ఇంత మంచి మొగుడా అని. అప్పట్నుంచి నా పని ఆవిడ రెండోసారి చూస్తోంది. కొత్త ల్యాబ్‌కి ఇంకొకళ్ళని అనుకుంటోందని విన్నాను. మొన్న నిజంగానే ఒకరి పళ్ళకి కావలసిన తెలుపు కాక పక్క రంగు పెట్టాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. నాకు మతి పోతోందేమోనని నాకే అనిపిస్తోంది.

ఆ కేంద్రంవాళ్ళు ఇచ్చిన కరపత్రం ఒకటి, కుటుంబసభ్యులు చదవాలని, ఆయనే తెచ్చి నాకిచ్చారు. ముందువైపంతా తాగుడు గురించే. వెనకవైపు ఆయన చూసినట్టు లేదు. మానేశాక కూడా తగ్గని కొన్ని లక్షణాలు అక్కడ ఉన్నాయి. ఎప్పుడూ పొగడాలి, తప్పు ఎప్పుడూ ఎదుటివాళ్ళదే, అన్నమాట అనలేదంటారు, అవతలివాళ్ళ నొప్పి కనపడదు, బయట దేవుడు. దానికి నార్సిసిజం అని పేరు రాశారు. పళ్ళసెట్లు పాలిష్ చేసే మిషను దగ్గర నిలబడి నాలుగుసార్లు చదివాను.

అమ్మమ్మా, నేను ఇన్నాళ్ళూ అన్నీ మందు మీదికి తోశాను. ఇప్పుడు మందు లేదు. దేని మీదికి తోయను?

ఒకటి అడుగుతాను. తాతగారు మానేశాక ఎలా ఉన్నారు? మానేసేదాకా కథ అందరూ చెబుతారు. ఆ తరవాత సంగతి ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా.

బుల్లి


మేడ మీది గది,
సెప్టెంబరు 8

బుల్లీ,

నన్ను "గారు" అని పిలిచావు. తగిన శిక్షే. ఉత్తరం మధ్యలో మళ్ళీ అమ్మమ్మనయ్యాను, అది నాకు దక్కవలసినది కాదు.

ముందు నా తప్పు. పొగడ్తకి పడిపోయాను. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, ఇలాంటి మనిషితో ఒక జీవితం గడిపి, ఉత్తరంలో "మీలాంటి టీచరు" అన్న రెండు మాటలకి నీ పుస్తకం తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాను. దిద్దిన పేపరు పిల్లవాడికి చూపిస్తే సిగ్గుపడతాడనుకున్నాను. కలం లాక్కుని నీకే మార్కులు వేస్తాడని ఊహించలేకపోయాను. ఊహించవలసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమిస్తావు, ఆ అలవాటు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు.

ఇక నువ్వు అడిగింది. మీ తాతగారు ఎనిమిదోసారి మానినప్పుడు నీకు ఐదేళ్ళు. ఆయన పోయేనాటికి ఇరవై. అంటే నువ్వు ఎరిగిన తాతగారు పూర్తిగా మానేసిన తాతగారే. ఆయన తాగడం నువ్వు ఒక్కరోజు కూడా చూడలేదు. సెలవులకి వచ్చినప్పుడు నీకు నేను ఏమేం చెప్పేదాన్నో గుర్తు తెచ్చుకో. చెంచా కింద పడేయకు. తలుపు మెల్లగా వెయ్యి. తాతగారు చెప్పిన జోకుకి ముందు నువ్వే నవ్వు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర ఎటు తిరిగి ఉన్నాయో చూసి లోపలికి రా. నువ్వు ఎంత నెమ్మదైన పిల్లవో అని చుట్టాలంతా మెచ్చుకునేవాళ్ళు. నీకు పిల్లిలా నడవడం నేర్పింది నేనే. ఆ మాటలన్నీ ఆయన చుక్క ముట్టని రోజుల్లోవి.

పద్దెనిమిదేళ్ళు నేను ఒకే ఒక్క రోజు కోసం కాచుకున్నాను. మందు మానేస్తే లోపల ఒక మంచి మనిషి ఉన్నాడు, బయటికొస్తాడు అనుకుని. మానేశారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపల్నుంచి ఎవరూ రాలేదు. ఉన్నది ఆయనే. తాగినప్పుడు అన్నవి పొద్దున్నకి మరిచిపోయేవారు. మానేశాక అన్నీ గుర్తుంచుకుని అనేవారు, అంతే తేడా. ఒకసారి ఎవరింట్లోనో "ఈయన మానేసి ఆరేళ్ళయింది" అన్నాను. ఏడేళ్ళట. నలభై ఒక్క రోజులు నాతో మాట్లాడలేదు. స్కూలుకి రోజూ వచ్చి నా క్లాసు అయ్యేదాకా వరండాలో కూర్చునేవారు, తెల్లటి చొక్కా వేసుకుని. స్టాఫురూములో అందరూ నన్ను చూసి కుళ్ళుకునేవారు. నేను తలుపు సందులోంచి ఆయన బూట్లు చూస్తూ ఆవర్తన పట్టిక చెప్పేదాన్ని. ఒకరోజు సోడియం తరవాత ఏమిటో మరిచిపోయాను. నువ్వు పక్క రంగు పెట్టినట్టే. అది మతిమరుపు కాదు. నీ వెనక ఎవరో నిలబడి ఉన్నారని నీ మెడకి తెలుసు, అంతే.

ఇది ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడుగుతావు. మీ అమ్మ కోసమని చెప్పుకునేదాన్ని. మీ అమ్మకి ఆయన దేవుడు. కానీ అది కుడి పేజీ. ఎడమ పేజీ ఇది: మొగుణ్ణి మార్చుకున్న ఆడదని నాకు పేరొచ్చింది. పెళ్ళైన పిల్లలు నా దగ్గరికి సలహాకి వచ్చేవారు. ఓపిక పట్టండి అని చెప్పేదాన్ని. ఆ గౌరవం వదులుకోలేకపోయాను. ఎంతమంది ఆడపిల్లలు నా మాట విని ఓపిక పట్టారో లెక్క తెలియదు. తెలుసుకోవాలని లేదు.

నార్సిసిజం అన్న పేరు సంగతి. నేను డాక్టర్ని కాను, చూడకుండా మనిషికి పేరు అంటించను. నువ్వూ అంటించకు. అతను చేసిన పనులకి అంటించు, అవి నీ దగ్గర రాతలో ఉన్నాయి. చీటీ లేని సీసా నా ల్యాబ్‌లో ఒక్కటి కూడా ఉండనిచ్చేదాన్ని కాదు. మంచినీళ్ళనుకుని ఎవరో ఒకరు తాగుతారు.

ఇప్పుడు ఒక్క పని చెబుతాను, ఆపైన నీ ఇష్టం. అతను వేసిన ఆ మార్కులు చింపేయాలని నీకు అనిపిస్తుంది. చింపకు. ఆ అక్షరాలు చూడు. ఎక్కడైనా వణికాయా? గీత వంకర పోయిందా? నేను కోరిన ప్రయోగం అతనే చేసిపెట్టాడు, ముద్ర కూడా వేశాడు. ఆ పుస్తకం మీ మేడం ముందు పెట్టు. ఏడవకు, వివరించకు. చదవనివ్వు.

మీ అమ్మమ్మ


రైల్వే స్టేషను, ఆడవాళ్ళ వెయిటింగ్ రూము,
సెప్టెంబరు 27

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మూడో రోజు పుస్తకం తీసుకుని మేడం గదికి వెళ్ళాను.

ఆవిడ సంగతి నీకు తెలీదు. చెంచాతో కొలిచినట్టు మాట్లాడుతుంది. మొదట్నుంచీ చివరిదాకా చదివింది. ఎర్ర సిరా దగ్గర ఆగి, పళ్ళరంగు చూసినట్టు కిటికీ వెలుతురులో పట్టి చూసింది. "ఇవి రాసినప్పుడు తాగి ఉన్నారా?" అంది. లేదన్నాను. "మందేమీ లేదా?" లేదన్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "నీ పని రెండోసారి చూశాను చూడు, అది నా తప్పు. ఒకటో తారీకుకి అక్కడ ఉండు" అంది. నేను బయటికొచ్చి ప్లాస్టరు బస్తాల మీద కూర్చున్నాను.

ఇంట్లో చెప్పకుండా రాలేదు. నేను దొంగను కాను. ఇవాళ పొద్దున సంచి సర్దుకుని హాల్లోకి వచ్చి, వెళ్తున్నానని చెప్పాను. ఎడమ పేజీ మాత్రమే రాస్తాను, కుడి పేజీ రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు.

పది గంటల పది నిమిషాలు. బీరువాలోంచి సీసా తీశారు. అది అక్కడ ఉందని నాకు తెలీదు. మూత కూడా తీయని కొత్త సీసా. గ్లాసులో పోశారు. తాగలేదు. బల్ల మధ్యలో పెట్టి కుర్చీలో వెనక్కి ఆనుకుని నా వైపు చూశారు. "ఎనభై ఐదు రోజులు. నువ్వు సంచి కింద పెడితే ఇది పారబోస్తాను. గుమ్మం దాటితే తాగుతాను. నా ప్రాణం నీ చేతిలో పెట్టాను, ఏ మొగుడు పెడతాడు చెప్పు" అన్నారు.

నేను గ్లాసు వైపు చూశాను. ఆయన నేను చూస్తున్నానా లేదా అని చూశారు. ఆ చూపు మందుకి ముందుదే అమ్మమ్మా. పెదవి తడవకముందు.

"అది మీ చేతిలోనే ఉందండీ" అన్నాను.

గుమ్మం దాటాక తాగారో పారబోశారో నాకు తెలీదు. తెలుసుకోవాలని మెడ తిరగబోయింది. తిప్పలేదు. వీధి చివర కుక్క నా వెనకాలే వచ్చి ఆగిపోయింది.

ఒక్క విషయం నిజం చెప్పాలి. వానలో ఆ దూడని తీసింది ఆ చేతులే. నేను పక్కన లాంతరు పట్టుకున్నాను. అది అబద్ధం కాదు. అది అబద్ధమైతే నాకు ఎంత తేలికయ్యేదో.

రైలు ఇంకా అరగంట. మేడం మాట్లాడి పెట్టిన గది ఒకటుంది, ల్యాబ్ వెనక వీధిలో. చిరునామా వెనకవైపు రాశాను. ఎవరికీ ఇవ్వకు.

నీ బుల్లి


మేడ మీది గది,
అక్టోబరు 9

బుల్లీ,

వచ్చాడు. సోమవారంనాడు, నున్నగా గడ్డం గీసుకుని, పళ్ళబుట్టతో. తాగలేదు. వాసన చూశాను, ఆ ముక్కు నాకింకా పని చేస్తుంది. నీ చిరునామా కావాలన్నాడు. నాకు తెలియదన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అవి చూస్తుంటే నా గుండె ఎక్కడో మెత్తబడటం నాకే తెలిసింది. ఎందుకైనా మంచిదని చెవి మిషను తీసి బల్ల మీద పెట్టాను. అతను పావుగంట మాట్లాడాడు. మాట వినపడకపోతే మనిషి ఎంత శుభ్రంగా కనిపిస్తాడో ఇన్నేళ్ళకి తెలిసింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో రెండుసార్లు కిటికీ అద్దంలో జుట్టు సర్దుకున్నాడు. అతని నోరు ఆగాక, రైలు వేళయిందేమో చూసుకోమన్నాను. పళ్ళబుట్ట వెనక్కి తీసుకెళ్ళాడు.

దూడని ఆ చేతులే తీశాయి, ఒప్పుకుంటాను. దూడ ఎదురుచెప్పదు. అంతకంటే ఆ సంగతిలో వెతక్కు.

మీ అమ్మకి తాతగారి సంగతి మొత్తం చెప్పాను. ఎదురుగా కూర్చోబెట్టి, మొదట్నుంచీ. ఆయన ఫొటో గోడ మీంచి తీయమని నేను అడగలేదు, తనూ తీయలేదు. "ఆయన పోయాక చెప్పడానికి నీకు మనసెలా వచ్చింది?" అంది. ఉన్నప్పుడు చెప్పడానికి ధైర్యం రాలేదన్నాను. వెళ్ళిపోయింది. పన్నెండు రోజులైంది, రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. నువ్వు మధ్యలో రాయబారానికి దిగకు. ఇది నేను చేసుకున్నది.

అక్కడికి చేరాక రాసిన కార్డులో గదికి కిటికీలు రెండని, కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయని రాశావు. తలుపు సంగతి రాయలేదు. అతను రెండోసారి పళ్ళబుట్టతో రాడు.

శనివారం పని అయ్యాక ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళు. ఆరంగుళాల ఇనప గడియ అడుగు. ఇత్తడిది చూపిస్తాడు, మెరుస్తుంది గాని వంగుతుంది, వద్దను. స్క్రూలు రెండంగుళాలవి ఎనిమిది తీసుకో. అంగుళంవి చాలమ్మా అంటాడు. వినకు. వడ్రంగిని వెలుతురు ఉండగానే పిలు. గడియ బిగించేముందు గుమ్మం చెక్కని వేలితో కొట్టుకుంటూ చూసుకో, డొల్లగా మోగిన చోట వేయనివ్వకు, ఒక జానెడు పైకి జరపమను. బిగించాక నువ్వు లోపల నిలబడి గడియ వేసుకో. వడ్రంగిని బయట్నుంచి భుజంతో నెట్టమను. మొహమాటపడతాడు, గట్టిగా నెట్టమని చెప్పు. కదిలితే ఇంకో రెండు స్క్రూలు వేయించు.

మీ అమ్మమ్మ